చప్పిడి పగ

రెండేళ్ళపాటు నేను చేసిన పని ఊరూరా తిరిగి మూత్రం పోగు చేయడం. అదే మాట గౌరవంగా చెప్పాలంటే బయోమెడికల్ సైన్సెస్‌లో అంతర్విభాగ డాక్టరేట్ అనాలి. ఎండలో, వేడిలో పనిచేసే మనుషుల ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఎలా మారతాయి, ఆ మార్పు కిడ్నీలను ఏం చేస్తుంది అన్నది నా అంశం. అంశం మంచిదే. నేను పగబట్టింది అంశం మీద కాదు.

అంతర్విభాగం అన్న మాటలో ఏదో గొప్పతనం వినిపించి చేరాను. చేరాక తెలిసింది, దాని అర్థం రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి చదువుకోవడమని. ల్యాబ్ వాళ్ళు నన్ను కంప్యూటర్ కుర్రాడనేవారు. కంప్యూటర్ల వాళ్ళు ల్యాబ్ కుర్రాడనేవారు. నేను చదివింది ఫార్మసీ. ఆ ముక్క రెండు గదుల్లోనూ ఎవరికీ అక్కర్లేకపోయింది. కుర్చీ అడిగితే ల్యాబ్ వాళ్ళు అవతలి గది చూపించేవారు, అవతలి గదివాళ్ళు "ల్యాబ్‌లో స్టూళ్ళున్నాయిగా" అనేవారు. చివరికి వరండాలో పాడైపోయిన ఫ్రిజ్ మీద కూర్చుని మొదటి సంవత్సరం గడిపాను. మెత్తగా లేకపోయినా ఎత్తుగా ఉండేది.

గైడ్లు కూడా ఇద్దరు. శాంపిళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచే మేడమ్ ఒకరు. ఆ అంకెలన్నీ కంప్యూటర్ ప్రోగ్రాంలో పోసి అర్థం తీసే సారు ఒకరు. మేడమ్ తక్కువ మాట్లాడతారు. ఆ లోటు సారు తీరుస్తారు. ఇద్దరూ మా ప్రాంతం వాళ్ళు కారు. నాది రాజాం పక్క పల్లె, మాది వరి రైతుల ఇల్లు. అందుకే రెండో ఏడు మొదట్లో సంస్థ వాళ్ళు రాజాంలో ఎరువుల కొట్టు మేడ అద్దెకి తీసుకుని, దానికి ఫీల్డ్ సెంటర్ అని బోర్డు కట్టి, నన్ను అందులో పెట్టారు. రాజాం చుట్టుపక్కల పల్లెల్లో వరి కోతలకి వెళ్ళేవాళ్ళు, నెల్లిమర్లలో జూట్ మిల్లు పనివాళ్ళు, వీళ్ళు పొద్దున్నే లేచి సీసాలు నింపి ఇస్తే, ఐసు పెట్టెలో సర్ది సంస్థ వ్యానుకి ఎక్కించడం నా పని. వ్యాను సోమవారం, గురువారం వచ్చేది. మేడమ్ మెషీను ఆ రెండు రోజులే ఖాళీ.

వ్యాను రాని రోజున పెట్టె నాతోపాటు బస్సెక్కేది. ఒకసారి పక్క సీటులో పెద్దావిడ అడిగింది.

"ఏటి బాబూ అందులో, సేపలా?"

"కాదమ్మా."

"మరేటి, ఐసుక్రీములా?"

ఏమిటో చెప్పాను. ఆవిడ లేచి వెనక సీటుకి వెళ్ళిపోయింది. దిగేదాకా సీటంతా నాదే. పరిశోధన వల్ల నాకు కలిగిన మొదటి ప్రయోజనం అది.

ఇంటి దగ్గర మా అమ్మ మాత్రం నేను చేరిన రోజునే నన్ను డాక్టర్ని చేసేసింది. "మావోడు డాక్టరు సదువుతన్నాడు" అని ఊరంతా చెప్పింది. దాంతో సీసాల కోసం వెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మోకాలు చాపేవారు. నేను ఆ రకం డాక్టర్ని కానని చెబితే, "మరి ఏ రకమో" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి సంస్థలో కూడా జవాబు లేదు.

సీసాలు ముందురోజే పంచాలి కాబట్టి ఆదివారాలు నేను ఊళ్ళలోనే ఉండేవాణ్ణి. మధ్యాహ్నం ఎవరింటికి వెళ్ళినా అన్నం తినకుండా కదలనిచ్చేవారు కారు. తింటే, చాలా ఇళ్ళలో పప్పులో ఉప్పుండేది కాదు. కూరలో ఉండేది కాదు. అడిగితే నవ్వేవారు. "ఆదివారం కదా బాబూ, సప్పిడే." మా వైపు ఇది కొత్తేం కాదు. కళ్ళ జబ్బు నయం కావాలనో, ఒంటి మీద పొడలు పోవాలనో అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని ఆదివారాలు ఉప్పు మానేస్తారు. కొందరు మాఘమాసం ఆదివారాలకే సరిపెడతారు. కొందరు మొక్కు తీరేదాకా. కొందరు బతికున్నన్నాళ్ళూ. మా అమ్మ మూడో రకం. చిన్నప్పుడు నా కళ్ళు పుసులు కట్టి తెరుచుకోకపోతే మొక్కుకుందట. నా కళ్ళు ఎప్పుడో బాగుపడ్డాయి. ఆవిడ ఉప్పు ఇంకా తిరిగి రాలేదు.

మొదటి వేసవి అయ్యేసరికి సారు ప్రోగ్రాం ఒక వింత కనిపెట్టింది. గురువారం శాంపిళ్ళలో ఉప్పు మామూలుగా ఉంటుంది. సోమవారం శాంపిళ్ళలో దబ్బున పడిపోతుంది. వారం వారం అంతే. సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడటం చూడటం నాకు అదే మొదటిసారి.

"ఇది శరీరం లోపలి గడియారమయ్యా! ఏడు రోజులకొకసారి కిడ్నీ తనంతట తాను ఉప్పు పట్టేసుకుంటోంది!"

"సర్, అది గడియారం కాదు. ఆదివారం వాళ్ళలో చాలామంది చప్పిడి తింటారు. ముందురోజు ఉప్పు తినకపోతే మర్నాడు పొద్దున్న శాంపిల్లో ఉప్పెక్కణ్ణుంచి వస్తుంది?"

సారు నన్ను జాలిగా చూశారు. "నాకు డేటా కావాలి. జానపదం కాదు."

"జానపదం కాదు సర్, భోజనం."

"మిల్లు పనివాళ్ళు కూడానా? అంతమంది? అందరూ ఒకే రోజా?"

"అందరూ కాదు సర్, కొందరే. కానీ మీ ప్రోగ్రాం అందరినీ కలిపి సగటు మనిషిని ఒకణ్ణి తయారు చేస్తుంది కదా. ఆ సగటు మనిషి ఆదివారం సగం ఉప్పు తింటున్నాడు."

మేడమ్ అక్కడే ఉన్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు, నావైపు ఒకసారి చూశారు, ఏమీ అనలేదు. "ఈ అబ్బాయికి జోకులెక్కువ" అన్నారు సారు. అక్కడితో ఆ మాట అయిపోయింది. మొక్కు ఉన్నవాళ్ళెవరో లేనివాళ్ళెవరో వేరుచేసి చూద్దామని ఇంకో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నా హాస్యప్రియత్వాన్నే మెచ్చుకున్నారు.

మరుసటి ఏడాది పేపరు అచ్చయింది. మనిషి ఒంట్లో ఏడు రోజుల ఉప్పు లయ. మొదటి పేరు సారుది, రెండోది మేడమ్‌ది. నా పేరు కోసం వెతుక్కుంటూ చివరిదాకా వెళ్ళాను. కృతజ్ఞతల్లో ఉంది, క్షేత్రస్థాయి సహకారం అని, వ్యాను డ్రైవరు పేరు తర్వాత. డ్రైవరు పాపం మంచివాడు, ఆయన మీద నాకేం లేదు.

నా బాధ పేరు మోజు కాదు. మా సంస్థలో ఒక నిబంధన ఉంది. మొదటి పేరు తనదైన పేపరు ఒకటి అచ్చయితేనే థీసిస్ తీసుకుంటారు. నేను ఎండలో తిరిగి తెచ్చిన శాంపిళ్ళన్నీ ఆ పేపర్లోకి వెళ్ళిపోయాయి. ఇంకో పేపరు రాయాలంటే ఇంకో రెండేళ్ళు మూత్రం మొయ్యాలి. నా గడువు ఆ ఏడాదితో అయిపోతోంది. సారుని అడిగాను.

"తొందరెందుకయ్యా? నీకింకా వయసుంది" అన్నారు.

పగ అనేది అప్పుడే పుట్టింది. పుట్టిన వెంటనే అన్నం అడగడం మొదలుపెట్టింది.

నా పగకి మొదటి సలహాదారు మా బావ. మా మావయ్య కొడుకు. అరసవల్లిలో లాడ్జీల్లో దిగే జనానికీ, చుట్టుపక్కల శుభకార్యాలకీ వంటలు చేయించే క్యాటరింగు అతనిది. ఏ సంగతైనా అతనికి చెబితే గంటలో ఆ సంగతి కంటే పెద్ద గొడవ తయారవుతుంది.

"ఒరే, ఆ సారు కారు టైర్లలో గాలి తీసేద్దుమా?"

"తీస్తే?"

"నడిసి ఎల్తాడు."

"నడిస్తే ఒంటికి మంచిది బావా. ఆయనకి నేను మేలు చెయ్యాలనుకోవట్లేదు."

"పోనీ, ఆడి మీద కంప్లయింటు ఎట్టు."

"ఎవరికి పెట్టాలి? ఫిర్యాదులు తీసుకునే కమిటీకి అధ్యక్షుడు ఆయనే."

"అయితే ఎవడికైనా సెప్పి సేతబడి సేయించేద్దుం."

"నేను సైంటిస్టుని బావా."

"సైంటిస్టువి ఏటైనావురా? నీ పేరు డ్రైవరు ఎనకాల ఉన్నాదని నువ్వే కదా సెప్పినావు?"

ఆ రాత్రి మంచం మీద పడుకుని సారుని మనసులో రకరకాలుగా ఓడించాను. ఒకదాంట్లో ఆయన నా కాళ్ళ మీద పడ్డారు. ఇంకోదాంట్లో ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని నెల్లిమర్ల బస్సులో నిలబడ్డారు. ఆ రెండోది నాకు బాగా నచ్చి మళ్ళీ మళ్ళీ చూశాను. పొద్దున్నే లేచి మామూలుగా సీసాలు కడిగాను.

అప్పుడు సారు ఫోను చేశారు. శ్రీకాకుళంలో పెద్ద సభ పెడుతున్నారు. శాంపిళ్ళిచ్చిన ఊళ్ళవాళ్ళనీ, డాక్టర్లనీ పిలుస్తారు. ముఖ్య అతిథి ఒక పెద్ద కిడ్నీ డాక్టరు. ఎప్పుడో ఉద్యోగం కోసం వేరే రాష్ట్రం వెళ్ళి స్థిరపడిన తెలుగాయన, నా డాక్టరేట్ కమిటీలో బయటి సభ్యుడు. కల్యాణ మండపం మాట్లాడటం, జనాన్ని తీసుకురావడం, భోజనాలు, ఇవన్నీ నా బాధ్యత. క్షేత్రస్థాయి సహకారం.

"జనానికి కడుపునిండా పెట్టించు. పాపం, శాంపిళ్ళిచ్చారు" అన్నారు సారు.

"ఎప్పుడు సర్?"

"ఆదివారం. అప్పుడైతే అందరికీ సెలవు."

భోజనాలకి బావకే చెప్పాను. పప్పు, పులిహోర, వంకాయ కూర, సాంబారు. బావ తలాడిస్తూ వింటున్నవాడు ఆగాడు.

"ఆదివారమా? మరి సప్పిడి ఎంతమందికి?"

అతను అలవాటు ప్రకారం అడిగాడు. అరసవల్లిలో ఆదివారం వంట చేసేవాడు ఉప్పు లేని గుండిగ ఒకటి పక్కన పెట్టకపోతే వ్యాపారం నడవదు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. రెండేళ్ళు ఆయనకి నోటితో చెప్పాను, వినలేదు. ఇప్పుడు విస్తరితో చెప్పొచ్చు.

"సగానికి సగం చప్పిడి చెయ్యి బావా. బల్ల వేరేగా వెయ్యి. మండపం గుమ్మానికి ఎదురుగా. మీద పెద్ద అక్షరాలతో బోర్డు కట్టు, ఆదివారం చప్పిడి అని."

"ఎందుకురా అంత ఆర్భాటం?"

"టైర్లలో గాలి తీస్తున్నాను."

కార్యక్రమం వేళలు రాసే పని కూడా నాదే. ముందు భోజనాలు, తర్వాత ఉపన్యాసం. సారుకి చూపించాను. "బావుంది, కడుపు నిండితే జనం లేవరు" అని మెచ్చుకున్నారు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాల్లో జోకులతో సంబంధం లేనిది ఇదొక్కటే.

ఆదివారం మండపం నిండింది. వేదిక మీద సారు ఫ్లెక్సీ, దాని మీద సారు ఫోటో, ఫోటో కింద పెద్ద అక్షరాలు: శరీరానికి వారం తెలుసు. దానికి ఎదురుగా, గుమ్మం దగ్గర, బావ కట్టిన బోర్డు: ఆదివారం చప్పిడి. రెండు బోర్డులూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నేను మధ్యలో మంచినీళ్ళ గ్లాసులు సర్దుతున్నాను.

చప్పిడి బల్ల దగ్గర వరస గుమ్మం దాటి బయటికి పోయింది. మేం పిలిచిన ఊళ్ళవాళ్ళు, మిల్లు పనివాళ్ళు, కొత్తగా పెళ్ళయిన ఒక జంట, మా అమ్మ. సారు వేదిక పక్క గదిలో ముఖ్యుల కోసం వేయించిన భోజనం చేస్తున్నారు, అందుకని ఆ వరస చూడలేదు. చూసినా ఏమనుకునేవారో నాకు తెలుసు: జానపదం.

కిడ్నీ డాక్టరుగారు మాత్రం లోపలికి వెళ్ళలేదు. చప్పిడి బోర్డు చూసి ముఖం వెలిగించుకుని ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆయనకి బీపీ. ముందున్న పెద్దాయన్ని పలకరించారు.

"మీకూ బీపీయేనా?"

"బీపీ ఏటి బాబూ? ఆదివారం కదా!"

"ఆదివారమైతే?"

"సూర్యనారాయణమూర్తికి మొక్కు. ఆదివారాలు ఉప్పు ముట్టం."

"ఎంతమంది ముట్టరు?"

పెద్దాయన వెనక్కి తిరిగి వరసంతా చూపించాడు. "ఈలందరూనూ. ఇళ్ళకాడ ఇంకా ఉన్నారు. మీరు ముందుకి నడవండి బాబూ, పప్పు సల్లారిపోద్ది."

డాక్టరుగారు నడవలేదు. ఫ్లెక్సీ వైపు ఒకసారి, బోర్డు వైపు ఒకసారి చూశారు. ఆ మొహం చూశాక మిగిలిన గ్లాసులు గబగబా సర్దేశాను. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినవాడు పెన్ను మూత తీస్తాడే, అలా.

సారు ఉపన్యాసం బాగా చెప్పారు. అది ఒప్పుకోవాలి. తెర మీద ఒక గీత పైకి లేచింది, సోమవారం దగ్గర కిందికి దూకింది, మళ్ళీ లేచింది, మళ్ళీ దూకింది. గీత దూకినప్పుడల్లా సారు చెయ్యి కూడా దూకింది. జనం కడుపు నిండి, కదలకుండా, గౌరవంగా, సగం కళ్ళు మూసుకుని విన్నారు.

ప్రశ్నలడగమన్నారు. డాక్టరుగారు మైకు తీసుకున్నారు.

"ఈ మనుషులు ఆదివారం ఏం తిన్నారు?"

సారు నవ్వారు. "అలాంటి చిన్న వివరాలు మా ఫీల్డ్ కుర్రాడు చెప్తాడు" అని నన్ను చూపించారు.

ఈ ఘడియ కోసం నేను వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను. మూడు వ్యంగ్యాలు, ఒక చిన్న విరామం, చివర్లో ఒక దెబ్బ. మైకు చేతికి రాగానే అన్నీ ఎగిరిపోయాయి. "చాలామంది ఉప్పు తినలేదండి. మొక్కు. ఆదివారాలు తినరు" అన్నాను. గొంతు బడిపిల్లాడి గొంతులా వచ్చింది. జనంలో ఎవరో "అవునవును" అన్నారు. నా పగ మొత్తం అంతే. ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ఇక సారు కుప్పకూలాలి. కూలలేదు. ఒక్క క్షణం ఆగి, చప్పట్లు కొట్టారు.

"ఎగ్జాక్ట్లీ! నేను చెప్పించాలనుకున్నది అదే! ఇది మన సంప్రదాయంలో ఉన్న సైన్స్! ఈ రహస్యం నేను మొదటినుంచీ గమనిస్తూనే ఉన్నాను!"

సంప్రదాయం అనేసరికి హాలంతా చప్పట్లు. నా పక్కనే నిలబడ్డ బావ కూడా కొట్టాడు. నేను చూసేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అందరూ కొడతంటే సెయ్యి అదే పోయిందిరా" అన్నాడు.

నేను ఓడిపోయాను. ఆ చప్పట్లలో నా థీసిస్, నా రెండేళ్ళు, మా అమ్మ ఊరంతా చెప్పిన మాట, అన్నీ కలిసి సారు ఖాతాలోకి వెళ్ళిపోతున్నాయి. ఇప్పుడైనా టైర్ల దగ్గరికి పోదామా అని ఆలోచిస్తున్నాను.

డాక్టరుగారు మైకు కింద పెట్టలేదు. చప్పట్లు ఆగేదాకా ఓపికపట్టి అడిగారు.

"మొదటినుంచీ మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిస్తే పేపర్లో ఎందుకు రాయలేదు? శరీరానికి వారం తెలుసని ఎందుకు రాశారు? తెలిసింది శరీరానికి కాదు కదా, వంటింటికి."

సారు నోరు తెరిచారు. అందులోంచి రావాల్సినవి రెండే జవాబులు. తెలుసు అంటే దాచినట్టు. తెలియదు అంటే ఇప్పుడే అబద్ధం చెప్పినట్టు. ఆ గోతిని నేను తవ్వలేదు. నేను వేయించింది అన్నం బల్ల మాత్రమే. తవ్వుకున్నది ఆయనే, చప్పట్ల మధ్య, ఎంతో ఉత్సాహంగా.

అప్పుడు మేడమ్ లేచారు. ఆవిడ సభల్లో లేవడం నేను ఎరగను.

"ఆయనకి తెలుసండీ. ఈ అబ్బాయి మొదటి వేసవిలోనే చెప్పాడు. ఉప్పు తిననివాళ్ళని వేరుచేసి చూద్దామని కూడా అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు మాట్లాడాల్సింది నేను, మాట్లాడలేదు."

అని కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. సారు మంచినీళ్ళు తాగారు. జనానికి ఇంగ్లీషూ తెలుగూ కలిసిన ఆ గొడవ సగమే అర్థమైంది. కానీ ఎవరో ఎవరికో దొరికిపోయారన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. నిద్రపోతున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు.

తర్వాత మేడమ్‌ని అడిగాను, ఇన్నాళ్ళకి ఎందుకు లేచారని. "పదేళ్ళుగా ఆయన పేపర్లన్నిటిలో నా పేరు రెండోది" అన్నారు. ఆ ముఖం చూశాక అర్థమైంది, పగ అనేది నేనొక్కణ్ణే పెంచుకుంటున్న జీవం కాదని. నాది కొత్తగా పుట్టింది. ఆవిడది పెళ్ళీడుకొచ్చింది.

మిగతాది సంస్థలు చేసే పద్ధతిలోనే, నెమ్మదిగా, ఎవరి గొంతూ పెరగకుండా జరిగింది. పేపరు వెనక్కి తీసుకున్నారు, నా గడువు ఏడాది పొడిగించారు. మొక్కు ఉన్నవాళ్ళని, లేనివాళ్ళని వేరుచేసి నేను మళ్ళీ రాశాను. ఒక్కరోజు ఉప్పు మానితే ఎండలో పనిచేసే మనిషి ఒంట్లో ఏమవుతుంది అన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. అంతమంది తమంతట తాము వారం వారం ఉప్పు మానడం ఏ ల్యాబూ ఏర్పాటు చేయలేని ప్రయోగమని డాక్టరుగారు ఉత్తరాల్లో రాసేవారు. మొదటి పేరు నాది. రెండోది మేడమ్‌ది. ఆ స్థానం ఆవిడే కోరుకున్నారు, ఈసారి పర్వాలేదన్నారు. మూడోది సారుది. ప్రోగ్రాం ఆయనదే కదా, తప్పదు.

ఇంతటితో సారు తలదించుకుని ఉంటారని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకి ప్రొఫెసర్లతో పరిచయం లేదని అర్థం. ఆరు నెలలు తిరక్కుండా ఆయన చప్పిడి నిపుణులయ్యారు. సంప్రదాయంలో సైన్స్ అని ఊరూరా ఉపన్యాసాలు. శాలువాలు. ఉప్పు లేని జీవితం ఎంత గొప్పదో ఆయన చెబుతుంటే నేనే ఒకసారి కదిలిపోయాను. అన్ని ఊళ్ళు తిరిగినా, నాకు తెలిసి, ఎక్కడా ఒక్క ముద్ద చప్పిడి నోట పెట్టలేదు. ప్రతిచోటా ముఖ్యుల భోజనం పక్క గదిలోనే.

అప్పటికి నా పగకి వయసొచ్చింది. మండపంలో జరిగింది డాక్టరుగారి గెలుపు, మేడమ్ గెలుపు. నాది ఇంకా మిగిలే ఉంది.

ఫీల్డ్ సెంటర్ మూసేయడానికి సారు రాజాం వచ్చారు. ఎరువుల కొట్టు మేడ మీద, ఖాళీ ఐసు పెట్టెల మధ్య, నా థీసిస్ మీద సంతకం పెట్టారు. ఆ సంతకం ఆరేదాకా చూసి, థీసిస్ సంచిలో పెట్టి, సంచి జిప్పు వేసి, అప్పుడు మా ఇంటికి భోజనానికి పిలిచాను. వరస ముఖ్యం. సంతకానికి ముందు నేనంత ధైర్యవంతుణ్ణి కాను.

మా అమ్మకి ముందురోజే చెప్పి ఉంచాను, సారుకి చప్పిడి వండాలని.

"రేపు లక్ష్మివారం కదరా, ఉప్పు మానడమేటి?"

"మొక్కుకున్నారమ్మా."

"ఏ మొక్కు?"

"నా చదువు పూర్తవ్వాలని."

అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "అంత పెద్దాయన... నీ కోసం ఉప్పు మానేసినాడేట్రా?" అంది. నాకు ఒక్క క్షణం ఏదోలా అనిపించింది. తర్వాత వ్యాను డ్రైవరు గుర్తొచ్చాడు. సర్దుకున్నాను.

మర్నాడు సారు పీట మీద కూర్చున్నారు. విస్తరిలో చప్పిడి పప్పు, చప్పిడి బీరకాయ, చప్పిడి చారు. పక్కన నా విస్తరిలో అవన్నీ ఉప్పుతో, ఇంకా అప్పడం, ఆవకాయ. అమ్మ చేతులు జోడించి ఆయన ముందు నిలబడింది.

"నా కొడుకు సదువు కోసం మీరు ఉప్పు మానేసినారంట బాబూ. కన్నదాన్ని, నాకే తట్టలేదు. మీ రుణం ఎలగ తీరుస్తాను?"

సారు నావైపు చూశారు. నేను అన్నంలో నెయ్యి కలుపుకుంటున్నాను.

ఆయన మొక్కు లేదని చెప్పొచ్చు. చెబితే, చేతులు జోడించి నిలబడ్డ మా అమ్మకి చెప్పాలి. పైగా చప్పిడి గురించి రాష్ట్రమంతా చెప్పి వచ్చిన మనిషి, మా ఇంట్లో ఉప్పు అడగాలి. సారు తెలివైనవారు. పప్పు కలుపుకున్నారు. మొదటి ముద్ద చాలాసేపు నమిలారు.

"ఎలగున్నాది బాబూ?"

"అమృతం."

"అయితే ఇంకొంచెం ఏసుకోండి" అని అమ్మ గరిటెడు పప్పు వేసింది. అది నేను చెప్పి వేయించింది కాదు. ఆవిడ భక్తి.

సగం భోజనమయ్యాక ఆయన కళ్ళు ఆవకాయ జాడీ మీద నిలిచాయి. చాలా చిన్న గొంతుతో, నాకు మాత్రమే వినపడేలా అడిగారు. "కొంచెం ఉప్పు..."

"మొక్కు సర్" అన్నాను నేనూ అంతే చిన్నగా.

అమ్మ ఆయన చూపు గమనించి నాలిక్కరుచుకుంది. "ఓలమ్మ, నాకు బుద్ది లేదు. మొక్కులో ఉన్నోల్ల కళ్ళముందు ఇది ఎట్టకూడదు" అని జాడీ అక్కణ్ణుంచి తీసి నా అవతలి పక్కన పెట్టింది. నా చేతికి ఇంకా అందుబాటులో.

సారు తలవంచుకుని చారన్నం ముగించారు. వెళ్ళేటప్పుడు దారిలో తినమని అమ్మ ఒక డబ్బా కట్టి ఇచ్చింది. అందులోనూ ఉప్పు లేదు. వీధి మలుపు దాకా దిగబెట్టి, ఆయన కారు ఎక్కాక టైర్లు చూశాను. గాలి నిండుగా ఉంది. ఇంటికి వచ్చి ఇంకో విస్తరి వేయించుకుని కూర్చున్నాను.